పోలో జీటీకి బ్రేకులు మార్పించి నాలుగేళ్లు: సుంకి ఘాట్‌లో నా అనుభవం

ఈ కారు మీద నేను పెట్టిన ఖర్చుల్లో ఒక్కదాన్నే ఉంచుకోమంటే బ్రేకుల ఖర్చునే ఉంచుకుంటాను. రీమ్యాప్ (ఇంజిను జోరు పెంచేలా దాని కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చడం), చక్రాలు, సస్పెన్షన్ స్ప్రింగులు అన్నీ దాని తర్వాతే. ఈ మాట నాలుగేళ్ల క్రితం ఎవరైనా నాతో అంటే నేను వినేవాణ్ని కాదు.

మాది ఒడిశాలోని రాయగడ. 2017 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐని 2021లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మజ్జిగౌరమ్మ గుడి దగ్గర పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకున్నాను. రెండో నెలలోనే రీమ్యాప్ చేయించాను. ఇంజిను గురించి, ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్సు గురించి అందరూ రాసేశారు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. అమ్మినాయన "ఫుల్ సర్వీస్ అయిపోయింది, పెట్రోల్ పోసుకుని నడుపుకోవడమే" అన్నాడు. నేను నమ్మాను. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారని అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు.

ఆ డిసెంబరులో మా కార్ల పిచ్చివాళ్ల గ్రూప్ ఆరు కార్లతో దేవమాలి వెళ్లింది. 1,672 మీటర్లు, ఒడిశాలో అంతకన్నా ఎత్తయిన శిఖరం లేదు. బరంపురం నుంచి అబార్త్ పుంటో, జయపురం నుంచి కొత్త ఐ20 ఎన్ లైన్, పార్వతీపురం నుంచి ఆక్టేవియా వచ్చాయి. రాత్రి కోరాపుట్‌లో పడుకుని, నాలుగింటికే లేచి మంచులో పైకెక్కాం. సూర్యోదయం చూసి దిగి, సెమిలిగుడలో వేడివేడి బరా (మన గారెల్లాంటివి), గుగ్ని (బఠాణీ కూర) తిని, వచ్చిన దారిన కాకుండా సాలూరు, పార్వతీపురం మీదుగా ఇంటికి పోదామనుకున్నాం. అంటే పొట్టంగి దాటాక, ఆంధ్ర వైపు దిగే కొండదారి సుంకి ఘాట్ మొత్తం దిగాలి.

ఆ దారి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. రాయపూర్, విశాఖ మధ్య తిరిగే లారీలన్నీ దాని మీదే. లోడు లారీ వెనక పడ్డామంటే నడక వేగమే. కాస్త ఖాళీ దొరికితే దాటేయడం, మలుపు రాగానే గట్టిగా బ్రేక్ కొట్టడం, మళ్లీ ఇంకో లారీ. రీమ్యాప్ చేసిన కారు కదా, ఖాళీ దొరికితే చాలు 90 దాకా పోతోంది. గేరు డీలోనే, అంటే పూర్తి ఆటోమేటిక్‌లోనే ఉంది. డీలో వదిలేస్తే ఈ గేర్‌బాక్సు పెట్రోల్ ఆదా కోసం ఎప్పటికప్పుడు పై గేరుకి పోతుంది, ఇంజిను పట్టు దాదాపు ఉండదు. కారు బరువంతా బ్రేకుల మీదే పడుతోందన్న సంగతి నాకప్పుడు తట్టలేదు.

సగం దిగాక ముందు ఒక కాలిన వాసన వచ్చింది. లారీల వాసన అనుకున్నాను. ఆ తర్వాతి మలుపులో పెడల్ ఎప్పటికన్నా కిందికి దిగింది. ఆ తర్వాతి మలుపులో మెత్తగా, తడిసిన స్పాంజి తొక్కినట్టు దిగిపోయి మ్యాట్‌కి తగిలింది. కారు మాత్రం ఆగలేదు. ముందు ఒక లారీ ఎర్ర లైట్లు, ఎడమ పక్క లోయ, పక్క సీట్లో మా బావమరిది. వాడికి ఏమీ అర్థం కాలేదు, "ఏటయింది బావా?" అంటున్నాడు. నాకు నోట మాట రాలేదు.

గేరు లివర్‌ని, మనమే గేర్లు మార్చుకునే ఎం లోకి లాగి మూడు, రెండు అని దించాను. ఇంజిను గట్టిగా అరిచి కారుని పట్టింది. పెడల్‌ని టకటకా నాలుగైదుసార్లు తొక్కితే కాస్త గట్టిపడింది. హ్యాండ్‌బ్రేక్ బటన్ నొక్కి పట్టుకుని కొద్దికొద్దిగా పైకి లాగాను. లారీకి రెండు మూడు గజాల వెనక వేగం తగ్గింది. కుడి పక్క కొండ వైపు మట్టి ఖాళీ కనిపిస్తే, ఎదురుగా ఏమీ రావడం లేదని చూసుకుని అటు ఎక్కించి ఆపాను. దిగి చూస్తే ముందు చక్రాల సందుల్లోంచి పొగ వస్తోంది. నీళ్లు పోద్దామని బావమరిది సీసా తీస్తే చెయ్యి పట్టుకుని ఆపాను. కాలిన డిస్క్ మీద చల్లనీళ్లు పడితే వంకర పోతుంది. ముప్పావుగంట అక్కడే కూర్చున్నాం. వెనకొచ్చిన పుంటో అన్న మాతోపాటే ఆగాడు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "చల్లారాక రెండో గేరులో దిగుదాం, నా వెనకే రా తమ్ముడూ" అన్నాడంతే. పి.కోనవలస దాకా అలాగే దిగాం. ఆ రోజు ఆయన మా ముందు నడిచిన తీరు నేను మరిచిపోలేను.

మర్నాడు మా ఊరి మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన్ని అందరం మావా అనే పిలుస్తాం. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి, సిరంజితో కొంచెం లాగి, తెల్ల కాగితం మీద రెండు చుక్కలు వేశాడు. కొత్త ఆయిల్ లేత తేనె రంగులో ఉంటుంది. నా కారులోది చిక్కటి కాఫీ డికాక్షన్‌లా ఉంది. "ఇది బండితో పుట్టినదే బాబూ" అన్నాడు. డిస్కుని పట్టి ఆపే ప్యాడ్లు ఊడదీస్తే, అమ్మే ముందు ఎవరో ఎక్కడో వేయించిన చౌకరకం సరుకు, పైన అద్దంలా మెరుస్తోంది. వేలితో రుద్దితే నున్నగా జారింది.

తర్వాత చదివితే విషయం అర్థమైంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. మూడున్నర శాతం పైన నీరు పట్టిందంటే ఆ హద్దు 155కి పడిపోవచ్చు. ఘాట్ దిగేటప్పుడు, ప్యాడ్లని డిస్కు మీద నొక్కే కాలిపరు దగ్గర ఆ వేడి పుడుతుంది. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు కట్టిందంటే, మనం తొక్కిన బలమంతా ఆ బుడగలని నొక్కడానికే పోతుంది, ప్యాడ్ దాకా చేరదు. పెడల్ మెత్తబడింది అందుకే. ప్యాడ్ ఒక్కటే వేడెక్కి పట్టు వదిలేస్తే పెడల్ గట్టిగానే ఉంటుంది, కారు ఆగదు. నాకు ఆ రోజు రెండూ ఒకేసారి జరిగాయి.

2022 జనవరిలో ముందు చక్రాలకి స్పోర్ట్స్ ప్యాడ్లు, నాలుగు చక్రాలకీ బ్రేక్ ఆయిల్ వెళ్లే స్టీల్ అల్లిక గొట్టాలు, కొత్త డాట్ 4 వేయించాను. కూలితో కలిపి 24 వేలు. ప్యాడ్ల బ్రాండు పేరు రాయడం లేదు, ఆ పేరుతోనే నకిలీలు అమ్ముతున్నారు, నన్ను చూసి ఎవరైనా కొని మోసపోతే బాధ. తెల్లవారుజామున తెరుబలి వైపు ఖాళీ రోడ్డు మీద 80 నుంచి 20కి తగ్గించడం, పూర్తిగా ఆపకుండా మళ్లీ ఎత్తుకోవడం, ఇలా పదిసార్లు చేసి ప్యాడ్లని డిస్కులకి అలవాటు చేశాను. ఆ తర్వాతి నెలలో మళ్లీ సుంకి ఘాట్ దిగాను, ఈసారి ఒక్కణ్నే. పైనుంచి కింది దాకా పెడల్ ఒకే చోట ఆగింది. సాలూరులో టీ తాగుతుంటే చేతులు వణికాయి, భయంతో కాదు, సంతోషంతో.

అప్పట్లో గ్రూప్‌లో అందరికీ చెప్పాను, స్టీల్ గొట్టాలే మంత్రం అని. ఇద్దరు నా మాట మీద వేయించుకున్నారు కూడా. 2023లో ఒక గొట్టం జాయింట్ దగ్గర చెమర్చితే, కొత్తది వచ్చేదాకా ముందు రెండింటికీ మామూలు రబ్బరు గొట్టాలు వేసి నడిపాను. ఆయిల్ కొత్తది. ఆ నెలన్నరలో ఒకసారి జయపురం ఘాట్ కూడా దిగాను. తొక్కితే ఏ తేడా తెలుస్తుందా అని ప్రతి మలుపులో వెతికాను. ఉన్నా నా కాలికి తెలిసేంత లేదు. నన్ను కాపాడుతున్నది గొట్టం కాదు, కొన్ని వందల రూపాయల ఆయిల్ అని అప్పుడు ఒప్పుకున్నాను. నా మాట మీద కొన్న ఇద్దరికీ ఫోన్ చేసి చెప్పాను.

ప్యాడ్లలో కూడా ఇబ్బందులున్నాయి. చలికాలం పొద్దున్నే మొదటి రెండు బ్రేకులకి పట్టు తక్కువ, వేడెక్కితే గానీ పని చేయవు. మా ఆవిడ పిల్లల్ని బడికి దింపడానికి ఈ కారే తీస్తుంది, వీధి చివర మలుపులో ఆగలేదని ఒకసారి చాలా కంగారుపడింది. అది ఆమె తప్పు కాదు, నేను ముందే చెప్పి ఉండాల్సింది. నెమ్మదిగా ఆగేటప్పుడు కీచుమంటాయి, చక్రాలు వారానికే నల్లబడతాయి. మొదటి జత 28 వేల కిలోమీటర్లు వచ్చింది, ఇప్పుడు రెండోది నడుస్తోంది. ఈసారి మంచి నాణ్యమైన మామూలు ప్యాడ్లే వేయించేస్తానేమో, ఇంట్లో ఆ ఆలోచన నడుస్తోంది.

రీమ్యాప్‌ని 2023 చివర్లో తీయించేశాను. ఇన్సూరెన్సు సంగతి ఒకటి, కంపెనీ ఇచ్చిన తీరు మార్చకూడదనే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒకటి. కానీ అసలు కారణం, ఘాట్ మీద నాకు కావలసింది ఆ అదనపు జోరు కాదని తెలియడం. ఇప్పుడు పొట్టంగి దాటగానే ఎం లో వేసి, ఎక్కిన గేరులోనే దిగుతాను.

విశాఖలోనో విజయనగరంలోనో పట్నం ట్రాఫిక్‌లో తిప్పేవాళ్లకి ఈ 24 వేలు దండగ. నాకు నెలకి రెండుసార్లు ఘాట్ ఉంటుంది, వెనక సీట్లో పిల్లలుంటారు, నా లెక్క వేరు. ఎవరైనా సెకండ్ హ్యాండ్ కొంటే మాత్రం ముందు బ్రేక్ ఆయిల్ మార్పించండి, పాత ఓనర్ ఏం చెప్పినా సరే. మా గ్రూప్‌లో ఇప్పుడు బయల్దేరే ముందు రోజు రాత్రి పుంటో అన్న అందరినీ ఒకటే అడుగుతాడు, ఆయిల్ ఎప్పుడు మార్చావని. నా కారులో ఆ డబ్బా మూత మీద తెల్ల టేపు అంటించి మావా చేత తేదీ రాయించుకున్నాను. రెండేళ్లకోసారి అది మారుతుంది. వచ్చే జనవరికి మళ్లీ మార్చాలి, దేవమాలి డ్రైవ్ ఆ తర్వాతే పెట్టుకున్నాం.