1966 మస్టాంగ్ 289: ఇంటి గ్యారేజ్‌లో బాగుచేసి ఏళ్ల తరబడి నడిపాక

బండి 1966 ఫోర్డ్ మస్టాంగ్ కూపే. 289 ఘనపు అంగుళాల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజను, రెండు బ్యారెళ్ల (గాలి, పెట్రోలు కలిసి దిగే దారులు రెండున్న) కార్బురేటర్, సీ4 ఆటోమేటిక్ గేరుబాక్సు. డల్లాస్ దగ్గర మామూలు రెండు కార్ల గ్యారేజ్‌లో ఇంటిల్లిపాదీ చెయ్యి వేసి బాగుచేసిన బండి. ఇంజను పని వాయిదా వేసినా కొంప మునగదు. కౌల్ (ముందద్దం కింద గాలి దిగే రేకు పెట్టె) పని వాయిదా వేస్తే మాత్రం వేసిన కొత్త ఫ్లోరు, కార్పెట్టు అన్నీ మళ్లీ పీకాల్సిందే.

కొనేముందు రెండు చూడండి. ఇంజను గది పక్కరేకు మీద, డ్రైవరు వైపు కొట్టిన నంబరులో ఐదో అక్షరం సి ఉంటే రెండు బ్యారెళ్ల 289, ఎ ఉంటే నాలుగు బ్యారెళ్లది, కె ఉంటే హై పెర్ఫార్మెన్స్. టి ఉంటే అది ఆరు సిలిండర్ల బండి. చక్రానికి నాలుగే బోల్టులుండి బానెట్ కింద వీ8 కనిపిస్తే, ఎవరో ఇంజను మాత్రం మార్చి చిన్న బ్రేకులు, బలహీనమైన వెనక యాక్సిల్ అలాగే వదిలేశారని అర్థం. వీ8 బండికి ఐదు బోల్టులు ఉండాలి.

ఇక కౌల్. ముందద్దం కింద జాలీలోంచి గాలితో పాటు వాననీళ్లూ దిగుతాయి. ఆ నీళ్లు ఫెండర్ల వెనకగా కిందికి పోవాలి. లోపలి గాలి రంధ్రాల చుట్టూ టోపీలా లేచిన రేకు ఉంటుంది. ఆకులు, మట్టి పేరుకుని తడి నిలిస్తే ఆ రేకు తుప్పు పట్టి, నీళ్లు తిన్నగా కార్పెట్ కిందికి వస్తాయి. ఫ్లోరు చిల్లులకు చాలాసార్లు మూలం ఇక్కడే. పరీక్షకు ఇద్దరు చాలు: ఒకరు గొట్టంతో జాలీలో ఒక్కో పక్కా నీళ్లు పొయ్యాలి, ఇంకొకరు డ్యాష్‌బోర్డు కింద టార్చి పట్టుకుని చూడాలి. చుక్క పడినా కౌల్ విప్పాల్సిందే. లోపలి నుంచి ప్లాస్టిక్ టోపీ పెట్టి సీలెంట్ పూసే చిట్కా ఉంది కానీ, తుప్పు రేకు మీద ఏ జిగురూ నిలవదు. ఫెండర్లు, బానెట్, ముందద్దం తీసి, వందకు పైనే ఉండే స్పాట్ వెల్డులను కట్టరుతో పైరేకు వరకే తొలిచి, పైపలక ఎత్తాలి. విసుగు పుట్టించే పని. కానీ బండి మొత్తంలో ఫలితం దక్కిన పని ఇదే.

ఫ్లోరు కోసేముందు బండిని స్ప్రింగుల మీద బరువు పడేలా, మట్టంగా నిలబెట్టి, తలుపు చట్రాల్లో అడ్డంగా ఇనుప గొట్టాలు వెల్డు చెయ్యాలి. లేకపోతే బాడీ వంగి, తర్వాత తలుపులు పట్టవు. 0.6 మిల్లీమీటర్ల మిగ్ వెల్డింగు తీగ సరిపోతుంది. ఒకే గీతగా వెల్డు లాగితే రేకు వేడికి అలలు తిరుగుతుంది. అంగుళానికో చుక్క పెట్టి, చల్లారనిచ్చి, మధ్య ఖాళీలు పూరించాలి. తలుపుల సందులు సరిచూశాకే రంగు, రంగు తర్వాతే రబ్బరు బీడింగ్. మార్కెట్లో దొరికే కొత్త బీడింగ్ కొన్నిసార్లు మందంగా ఉండి తలుపు పట్టదు. అప్పుడు తలుపును మళ్లీ వంచకండి, బీడింగ్ మార్చండి.

పిల్లల సాయం గురించి ఒక మాట. పాత రంగులో సీసం, పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి గీకుడు పని, డ్రమ్ము విప్పే పని వాళ్లకు వద్దు. డ్రమ్ములోని పొడిని గాలితో ఊదకండి, తడిపి తుడవండి. విప్పిన ప్రతి బోల్టునూ జిప్ కవర్లో వేసి పేరు రాయడం, విప్పేముందు ఫొటో తియ్యడం పిల్లలకు ఇస్తే పెద్దలకంటే శ్రద్ధగా చేస్తారు. బానెట్ ఎక్కించేటప్పుడు మూలకొకరు ఉంటేనే రంగు గీసుకోదు.

బ్రేకులకు మాత్రం ఇంట్లో మనిషి తప్పనిసరి. 1966 దాకా ఈ బండికి మాస్టర్ సిలిండరులో (పెడల్ నొక్కితే బ్రేకు నూనెను చక్రాలకు తోసే భాగం) ఒకటే గది. ఒక్క గొట్టం పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. 1967 తరహా రెండు గదుల సిలిండరు పెట్టి ముందు, వెనక లైన్లు విడదియ్యడం అన్నిటికన్నా ముందు చెయ్యాల్సిన మార్పు. బ్రేకు లైన్లలోంచి గాలి తీసేటప్పుడు కుడి వెనక, ఎడమ వెనక, కుడి ముందు, ఎడమ ముందు అన్న వరస. కింద ఉన్నవాళ్లు గాలి వదిలే నిపిల్ బిగించి "వదులు" అనేదాకా పెడల్ మీది కాలు తియ్యకూడదు. తొందరపడితే గాలి మళ్లీ లోపలికే. డ్రమ్ములో పొట్టి బ్రేకు షూ ముందుకు, పొడవు షూ వెనక్కు. షూకు, డ్రమ్ముకు మధ్య సందు సరిచేసే అడ్జస్టర్లు కుడివి, ఎడమవి వేరు. మారిస్తే బిగియాల్సింది వదులవుతుంది.

ఇంజను దగ్గర ఎక్కువమంది తడబడేది ప్లగ్గు వైర్లలోనే. ఒకటో సిలిండరు ప్రయాణికుడి వైపు ముందుది. సిలిండర్లు పేలే వరస 1-5-4-2-6-3-7-8, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు ఎడమకు తిరుగుతుంది. 7, 8 పక్కపక్కనే ఉండి వెంటవెంటనే పేలతాయి కాబట్టి ఆ రెండు వైర్లనూ ఆనించి నడిపితే నిప్పు ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకి ఇంజను దగ్గుతుంది. డిస్ట్రిబ్యూటరు లోపలి పాయింట్ల (కరెంటును తెంచి కలిపే స్విచ్చు) సందు 0.017 అంగుళం, ప్లగ్గుకు 0.034, టైమింగ్ (పిస్టన్ పైకి చేరేముందు నిప్పు పడే క్షణం) 6 డిగ్రీలు. టైమింగ్ ఎంత పెట్టినా కుదరకపోతే బ్యాలెన్సరును (ఇంజను ముందు టైమింగ్ గుర్తులుండే చక్రం) అనుమానించండి. మధ్య రబ్బరు సడలి బయటి చుట్టు జారితే గుర్తు అబద్ధం చెబుతుంది. పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టేవాళ్లు ప్లగ్గు నిప్పుకు వోల్టేజి పెంచే కాయిల్‌కు వచ్చే, వోల్టులు తగ్గించే గులాబీ రంగు రెసిస్టెన్సు తీగను గుర్తుంచుకోవాలి. మాడ్యూల్‌కు పూర్తి 12 వోల్టులు వేరే తీగతో ఇవ్వకపోతే వేడెక్కాక ఆగిపోతుంది. కొత్త కామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) వేస్తే జింకు ఎక్కువున్న నూనె పోసి, స్టార్టు కాగానే ఐడిల్‌లో ఉంచకుండా 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య 20 నిమిషాలు నడపాలి. మొదటి నిమిషాల్లోనే లోబులు (వాల్వులను తోసే ఉబ్బులు) అరిగిపోయిన కామ్‌లు చాలా ఉన్నాయి.

వాడకంలో చెప్పాలంటే, 200 హార్స్‌పవర్ అన్నది ఆనాటి లెక్క. ఇవాళ్టి సెడాన్లు దీన్ని సులువుగా దాటేస్తాయి. అది తెలిసే కొనాలి. ఎండాకాలం ట్రాఫిక్‌లో వేడి ఎక్కితే రేడియేటరు మార్చేముందు ఫ్యాన్ చుట్టూ ఉండే కవచం ఉందో లేదో చూడండి. డిక్కీలో పెట్రోలు వాసన వస్తే ట్యాంకు మెడకున్న రబ్బరు గొట్టం వెంటనే మార్చాలి. ఈ బండిలో 16 గ్యాలన్ల ట్యాంకు పైభాగమే డిక్కీ నేల, వాసన నేరుగా వెనక సీటుకే వస్తుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు తట్టుకునే గొట్టమే కొనండి.

టెక్సాస్‌లో నంబరు ప్లేటు విషయం కూడా ముందే తేల్చుకోండి. యాంటీక్ ప్లేటు చవక, కానీ ప్రదర్శనలు, క్లబ్బు కార్యక్రమాలు, పెరేడ్‌ల వంటివాటికే. ఆదివారం గుడికి, కూరగాయలకు కూడా తీసుకెళ్లే ఉద్దేశం ఉంటే క్లాసిక్ ప్లేటు తీసుకోండి.