సొంత కారా, అద్దె సీటా? సర్క్యూట్ రేసింగ్ మొదలుపెట్టేవారికి ఏది మేలు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కార్లంటే ప్రాణం పెట్టే కుర్రవాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటే. ఇంట్లో ఉన్న స్విఫ్ట్‌నో పోలోనో రేసుకు సిద్ధం చేసుకోవడం మేలా, రేసింగ్ జట్టు దగ్గర సీటు అద్దెకు తీసుకోవడం, అంటే డబ్బు కట్టి వాళ్ల కారునే రేసులో నడపడం మేలా? నిరుడు నేనూ ఇదే విషయమై నెలల తరబడి ఊగిసలాడి, చివరికి అద్దె సీటు వైపు మొగ్గాను. దేశంలో మోటారు క్రీడలను నడిపించే సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఇచ్చే లైసెన్సు, వైద్య ధ్రువపత్రం ఎలాగూ తప్పవు కనుక వాటి జోలికి పోను.

సొంత కారులో ఉన్న ఆనందాన్ని నేను తక్కువ చేయను. మన షెడ్డులో, మనకు నమ్మకమైన మెకానిక్ చేతి మీద తయారైన బండిలో ప్రతి బోల్టూ మనకు తెలిసే ఉంటుంది. అయితే సీట్లు తీసేసి, రోల్ కేజ్ (కారు బోల్తా పడినా డ్రైవరును కాపాడే ఉక్కు చట్రం) వెల్డింగ్ చేయించిన తరువాత అది రోడ్డు మీద తిరిగే కారు కాదు; మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అటువంటి మార్పులను ఒప్పుకోదు. మామూలు కారు బీమా పాలసీ రేసింగ్‌కు వర్తించదు కాబట్టి, ట్రాక్ పక్కనున్న రక్షణ గోడకు తగిలితే ఆ ఖర్చంతా మనదే.

నా దృష్టిలో అసలు విషయం దూరం. జాతీయ స్థాయి పోటీలు జరిగే మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. శ్రీకాకుళం నుంచి అది సుమారు 900 కిలోమీటర్లు, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే ఇంకా దూరం. చెన్నై కుర్రవాడు ఉదయం వెళ్లి కారు పరీక్షించి, లోపం కనబడితే సాయంత్రానికి షెడ్డుకు తెచ్చుకోగలడు. మనకు మాత్రం ప్రతి ప్రయాణానికీ లారీ, మెకానిక్, టైర్లు, విడిభాగాలు అన్నీ కదలాలి. నా మిత్రుడొకరు అలాగే వెళ్లారు. నాలుగో ల్యాప్‌లో, అంటే ట్రాక్ చుట్టూ నాలుగో చుట్టులో, బ్రేక్ ఫ్లూయిడ్ మరిగి, పెడల్ నేలకు ఆనింది. అక్కడితో ఆయన వారాంతం ముగిసిపోయింది. డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తదైతే 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు, కానీ తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. మన సముద్రతీరపు తేమ గాలిలో పాత ఫ్లూయిడ్‌తో రేసుకు వెళ్లడం ప్రమాదకరం. ఈ సంగతి ట్రాక్ పక్కనుండే జట్టుకు తెలిసి ఉంటుంది, మన షెడ్డు దాన్ని అనుభవంతోనే నేర్చుకోవాలి.

అద్దె సీటుకైతే హెల్మెట్, నిప్పు తట్టుకునే సూటు, చేతి తొడుగులు, బూట్లు సంచిలో పెట్టుకుని ఆముదాలవలసలో రైలెక్కితే చాలు. 1.3 లీటర్ల మారుతి ఇంజిన్‌తో నడిచే ఎల్‌జీబీ ఫార్ములా అనే ఒంటి సీటు రేసు కార్ల తరగతిలో బళ్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. ముందు వాడికీ మనకూ మధ్య రెండు సెకన్ల తేడా ఉంటే, ఆ తేడా బ్రేకు వేసే చోటులోనో మలుపు తిరిగే తీరులోనో ఉందని కొద్ది ల్యాపుల్లోనే తెలిసిపోతుంది. నేర్చుకునేవాడికి కావలసినది ఇదే. డబ్బు ల్యాపులకు పోవాలి, లారీ కిరాయికి కాదు.

దీనికీ లోటు ఉంది. సీజన్ ముగిశాక చేతిలో ఏమీ మిగలదు, కారు లోపలి పని ఒంటబట్టదు. ఢీకొంటే నష్టం ఎవరు భరించాలో, ఎంతవరకు భరించాలో సంతకానికి ముందే కాగితం మీద రాయించుకోవాలి.

కార్టింగ్, అంటే చిన్న కార్టు బళ్ల రేసు, చేయి తిరగడానికి మంచిదే, ముఖ్యంగా చిన్న వయసువారికి. ఆటోక్రాస్ (తాత్కాలికంగా గుర్తులు పెట్టిన దారిలో సమయంతో పోటీ) దగ్గరలో జరిగితే తప్పక వెళ్లండి. అర్ధరాత్రి 16వ నంబరు జాతీయ రహదారి మీద పందేలు వేయడాన్ని మాత్రం నేను మార్గంగా లెక్కించను. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద అది నేరం, పైగా ఎదురుగా వచ్చే మనిషికి ఆ పందెంతో సంబంధం లేదు.

చెన్నైలో కారు ఉంచుకోవడానికి చోటు, దాన్ని చూసుకునే బంధువో స్నేహితుడో ఉన్నవారికి నా లెక్క తారుమారవుతుంది. అటువంటివారు సొంత కారునే సిద్ధం చేసుకోవచ్చు, మొదటి ఖర్చు మాత్రం బ్రేకుల మీద పెట్టాలి.