ఫిష్ ట్యాంకులో నత్తల బెడద: మైలుతుత్తమా, వేటాడే నత్తా, కీర ముక్కా?

మొక్కలు పెంచే చిన్న ట్యాంకులో నత్తలు పుట్టుకొచ్చాయని చెప్తే నల్లగొండ, మిర్యాలగూడ వైపు వినిపించే సలహాలు రెండు. "చిటికెడు మైలుతుత్తం వెయ్యి, తెల్లారేసరికి చస్తాయి" అనేది ఒకటి (మైలుతుత్తం అంటే రాగి ఉన్న కాపర్ సల్ఫేట్). "నత్తల్ని తినే చేపను తెచ్చి వెయ్యి" అనేది ఇంకోటి. అయితే రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న ట్యాంకులో అంచు దాకా పోసినా 56 లీటర్లే పడతాయి. ఇసుక, రాళ్లు పోను మిగిలేది ఇంకా తక్కువ. అన్ని కొద్ది నీళ్లలో నత్తలు ఎంత తొందరగా చస్తాయన్నది కాదు, చచ్చాక ఏమవుతుందన్నది ముందు చూసుకోవాలి.

ఇంకో మాట. నత్తలు పెరిగాయంటే వాటికి తిండి మిగులుతోందనే అర్థం. గప్పీ చేపలకు వేసిన మేత గింజలు అడుగున పడి నానుతున్నాయి, లేదా కుళ్లిన ఆకులు తీయడం లేదు. ఆ తిండి తగ్గకుండా ఏ పద్ధతి పెట్టినా నెల తిరిగేసరికి మళ్లీ మొదటికొస్తుంది.

ఉన్నది ఏ నత్తో కూడా తెలియాలి. పల్చటి గోధుమ రంగు గుల్లతో అద్దం మీద చురుగ్గా పాకేది బ్లాడర్ నత్త. చుట్ట చుట్టుకుని బల్లపరుపుగా ఉండేది రామ్స్‌హార్న్. ఈ రెండూ ఆకుల అడుగున జిగురు ముద్దల్లో గుడ్లు పెడతాయి. ఆడ, మగ రెండూ ఒకే ఒంట్లో ఉంటాయి కనుక తప్పించుకున్న ఒక్కటి చాలు. మూడోది ట్రంపెట్ నత్త. సన్నగా, పొడవుగా, కొన తేలి ఉంటుంది. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది, దానికి మగది కూడా అక్కర్లేదు. పగలంతా ఇసుకలో దాక్కుని రాత్రి పైకొస్తుంది. పది కనిపిస్తున్నాయంటే లోపల ఎన్నున్నాయో లెక్క ఉండదు.

ఇక మైలుతుత్తం సంగతి. బత్తాయి తోటలున్న ఇళ్లలో చెట్ల మొదళ్లకు తెగులు రాకుండా పూసే బోర్డో పేస్టు కోసం తెచ్చింది ఎప్పుడూ కాస్త మిగిలే ఉంటుంది కాబట్టి ఆ సలహా మన దగ్గర తేలిగ్గా నోటికొస్తుంది. అందులోని రాగి నత్తల్ని చంపుతుంది, నిజమే. రొయ్యపిల్లల్ని కూడా చంపుతుంది, మోతాదు కొంచెం దాటితే చేపల మొప్పలు దెబ్బతింటాయి, మెత్తటి మొక్కలు కూడా ఆగమవుతాయి. పైగా మన బోరు నీళ్లు సున్నం ఎక్కువున్న గట్టి నీళ్లు. అలాంటి నీళ్లలో రాగి జోరు తగ్గుతుంది, పనిచేయలేదని ఇంకో చిటికెడు వేస్తారు. ఎక్కడ ఆపాలో చెప్పే కొలత చేతిలో ఉండదు. చచ్చిన నత్తలు ఇసుకలో కుళ్లి అమ్మోనియా పెరిగితే బతికున్న చేపలు కూడా పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఎలుకకు భయపడి ఇల్లు తగలబెట్టుకోవడం ఇదే.

మహబూబ్‌నగర్ వైపు గొర్రెలున్న వాళ్లు ఇంకో మందు చెప్తారు: కడుపులో పురుగులకు తాగించే నట్టల మందు, ఫెన్‌బెండజోల్. రాగితో పోలిస్తే ఇది చాలా నయం. చేపలకు, మొక్కలకు, రొయ్యలకు మామూలుగా హాని చేయదు. కానీ పశువుల మందుల షాపులో ఇచ్చే సీసాల్లో రెండు మందులు కలిపినవి కూడా ఉంటాయి. ఐవర్‌మెక్టిన్ కలిసిందైతే చేపలకే ముప్పు. నత్తలు కుళ్లే సమస్య ఇక్కడా ఉంది, ట్రంపెట్ల మీద దీన్ని పూర్తిగా నమ్ముకోలేం. మందు ఇసుకలో చాలాకాలం నిలిచి, తర్వాత మోజుపడి కొని తెచ్చుకున్న నెరైట్ అనే పెంపుడు నత్తలు కూడా చచ్చిపోతాయి.

నత్తల్ని తినే చేపల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. క్లౌన్ లోచ్ అడుగు పొడవు దాకా పెరుగుతుంది, రెండడుగుల ట్యాంకులో దాన్ని పెట్టడం పాపం. కేరళ నదుల్లో పుట్టిన పీ పఫర్ అంగుళం చేపే, నత్తలంటే ప్రాణం. కానీ గప్పీల తోకలు కొరికేస్తుంది, నత్తలు అయిపోతే దానికి రోజూ ప్రాణమున్న మేత వెతకాలి. విడిగా ట్యాంకు పెట్టే ఓపిక ఉన్నవాళ్లకే అది.

అసాసిన్ నత్త వేరే రకం. పసుపు, గోధుమ చారలున్న ఈ ఆగ్నేయాసియా నత్త తోటి నత్తల్నే తింటుంది, ఆకు ముట్టదు. ఇసుకలో దూరుతుంది కాబట్టి ట్రంపెట్ పిల్లల్ని అక్కడే పడుతుంది. గట్టి నీళ్లు దీని గుల్లకు మంచివే. హైదరాబాద్ నుంచి తెప్పించుకోవాల్సి రావచ్చు, ఫలితానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ ఆలస్యమే మేలు: నత్తలు ఒక్కసారిగా చావవు, నీళ్లు పాడుకావు.

కీర ముక్క ఖర్చు లేని పని. అర అంగుళం మందాన కోసి, స్టీలు ఫోర్కు గుచ్చి, లైటు ఆర్పాక ఇసుక మీద పెట్టండి. పొద్దున్నే లైటు వేయకముందే మెల్లగా ఎత్తితే అడుగు వైపు గింజల చుట్టూ బ్లాడర్ నత్తలు గుత్తిగా అతుక్కుని ఉంటాయి. విదిలిస్తే రాలిపోతాయి కాబట్టి గిన్నెను ముక్క కిందికి తెచ్చి అందులోకే తీయాలి. ముక్కను రెండో రోజు దాకా ఉంచొద్దు, కుళ్లుతుంది. అదే చేత్తో ఆకులు తిప్పి, జిగురు ముద్దల్ని గోరుతో గీకేయండి. చేపలకు రోజుకొకసారి, రెండు నిమిషాల్లో అయిపోయేంతే వేయండి.

నన్నడిగితే బ్లాడర్, రామ్స్‌హార్న్ అయితే కీర ముక్క, తక్కువ మేత చాలు. ట్రంపెట్లు ఇసుక నిండా ఉంటే దానికి తోడు నాలుగైదు అసాసిన్లు. ట్రంపెట్లు కొద్దిగానే ఉంటే వదిలేస్తాను, ఇసుకను తిరగేస్తూ మేలే చేస్తాయి. మందుల జోలికి వెళ్లను.

పానగల్లు చెరువు నుంచి హైడ్రిల్లా నాచు ఊరికే దొరుకుతుందని తెచ్చుకునే వాళ్లు మాత్రం దాన్ని రెండు మూడు వారాలు విడిగా బకెట్లో ఉంచి, గుడ్లలోంచి బయటికొచ్చిన నత్తల్ని ఏరేశాకే ట్యాంకులో వేయండి. చెరువుల్లోని చుట్ట నత్త పశువుల రక్తంలో బతికే పురుగులకు ఆశ్రయం, ఆ పురుగుల పిల్లలున్న నీళ్లతో చేతులకు దురద రావచ్చు. ఆ బకెట్ పని చేతికి కవరు తొడుక్కునే చేయండి. ట్యాంకులో మిగిలిపోయిన అసాసిన్లు ఇంకో ట్యాంకు ఉన్నవాళ్లకు ఇవ్వండి కానీ చెరువులో వదలొద్దు.