ట్రిగ్లావ్ సూపర్, ప్యాకేజీ మాత్రం తీసుకోకండి

ముందే చెప్తున్నా, యూరప్‌లో మేం ట్రిగ్లావ్ కొండ ఎక్కొచ్చిన స్లొవేనియా మీద నాకేం కోపం లేదు, కోపమంతా ఇక్కడ హైదరాబాద్‌లో ఏసీ ఆఫీసులో కూర్చుని మ్యాప్ మీద వేలు పెట్టి చూపించిన ఆ ట్రావెల్స్ ఆయన మీదే. "అన్నీ ఇంక్లూడెడ్ మేడమ్, పైన ప్రైవేట్ రూమ్, హాట్ షవర్, వెజ్ ఫుడ్, మీరు బ్యాగ్ వేసుకుని వెళ్లిపోవడమే" అన్నాడు. తలకి 74,000. నేను, మా ఆయన, మా మరిది, ముగ్గురికీ కలిపి 2,22,000, ఫ్లైట్లూ వీసా వేరే. మరిది ఫ్రెండ్ చెప్పిన మనిషి కదా అని బేరం కూడా ఆడలేదు.

ట్రిగ్లావ్ 2,864 మీటర్లు, ఆ దేశంలో అన్నిటికంటే ఎత్తైన కొండ, వాళ్ల జెండా మీద కూడా అదే ఉంటుంది. ఊపిరాడని ఎత్తేం కాదు గానీ చివరి గంట, గంటన్నర రాతిలో దిగ్గొట్టిన ఇనప మేకుల మీద కాళ్లు పెట్టి, స్టీల్ కేబుల్ పట్టుకుని ఎక్కాలి. దాన్నే వియా ఫెరాటా అంటారు. అందుకని రెండు ఆదివారాలు భువనగిరి కొండకి వెళ్లొచ్చాం (2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ ట్రైనింగ్ తీసుకుంది ఆ రాతి మీదే), మిగతా రోజులు బ్యాగులో ఎనిమిది కేజీల బియ్యం వేసుకుని మా అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కాం. లిఫ్ట్ పాడైందేమో అని వాచ్‌మన్ రెండు సార్లు మెకానిక్‌కి ఫోన్ చేశాడు పాపం.

దోహా, వెనిస్, అక్కడి నుంచి బస్‌లో లుబ్లియానా, తర్వాత బ్లెడ్‌లో ఒక రాత్రి, అంతా సాఫీగా జరిగిపోయింది.

గొడవ మొదలైంది రుడ్నో పోలియే దగ్గర. కార్లు ఆగేది అక్కడే, 1,347 మీటర్ల ఎత్తు. గైడ్ వచ్చి హెల్మెట్, నడుముకి కట్టుకునే బెల్టు (హార్నెస్), తాళ్ల సెట్ ఇచ్చి, వీటి అద్దె తలకి 25 యూరోలు అన్నాడు. ఇంక్లూడెడ్ కదా అంటే మీ ఏజెంట్ మాకు గైడింగ్‌కీ హట్‌కీ (కొండ మీద రాత్రి ఉండే బస) మాత్రమే కట్టాడు అన్నాడు. స్లీపింగ్ లైనర్లు తెచ్చుకున్నారా అని అడిగాడు, అదేంటో కూడా మాకు తెలీదు. హట్‌లో దుప్పటి ఇస్తారు గానీ లోపల వేసుకునే ఆ పల్చటి గుడ్డ సంచి మనమే తెచ్చుకోవాలట, ఈ ఒక్క ముక్క ఏజెంట్ వాట్సాప్‌లో పెట్టినా సరిపోయేది.

ఆరు గంటలు నడిచి, 2,515 మీటర్ల దగ్గరున్న క్రెడరిత్సా హట్ చేరేసరికి నా మోకాళ్లు అయిపోయాయి. వేడి నీళ్లతో స్నానం చేస్తేగాని మనిషిని కాలేను అనుకుంటూ కౌంటర్లో షవర్ ఎక్కడండీ అంటే ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. అసలు షవరే లేదు. ఆ కొండంతా సున్నపురాయి, పడ్డ వాన పడ్డట్టే లోపలికి ఇంకిపోతుంది, పైన ఏరూ లేదు ఊటా లేదు. లీటరున్నర బాటిల్ 6 యూరోలు, అంటే మన 600. మా ఆయన బాటిల్ మూతతో కొలుచుకుని తాగాడు. ప్రైవేట్ రూమ్ అన్నది బంకు బెడ్ల హాలు, పక్కన గురక పెట్టే చెక్ కుర్రాళ్లు. ఇందులో హట్ వాళ్ల తప్పు ఏమీ లేదు, అంత ఎత్తులో అలాగే ఉంటుంది, చెప్పకపోవడమే మోసం.

ఇక వెజ్ ఫుడ్. రిచెట్ అని బార్లీ, బీన్స్ వేసి చిక్కగా వండుతారు, చూస్తే అచ్చం మన పప్పే. మా ఆయన పొద్దుటి నుంచి ఏం తినలేదేమో, ఆబగా నాలుగు స్పూన్లు తిన్నాడు, ఐదో స్పూన్లో పొగబెట్టిన పంది ముక్క తేలింది. స్పూన్ అక్కడే పెట్టేసి బయటికెళ్లి ఆ చలిలో చాలాసేపు నిలబడ్డాడు. గిన్నె నేను ఖాళీ చేశా, నిజం చెప్పాలంటే చాలా బాగుంది. ఆయన మూడు రోజులూ ఆపిల్ స్ట్రూడెల్, బ్రెడ్ మీదే బతికాడు, నాతో మాటలు తగ్గించాడు.

మర్నాడు ఐదింటికే బయల్దేరాం, మధ్యాహ్నం అయితే పిడుగులు, అప్పుడు చేతిలో ఇనప కేబుల్ ఉండకూడదు. పద్ధతేంటంటే హార్నెస్‌కి రెండు తాళ్లు, ఒక్కోదానికి ఒక కొక్కెం, రెండూ కేబుల్‌కి తగిలించి ఉంటాయి. కేబుల్‌ని బిగించిన మేకు వచ్చినప్పుడు ఒకటి తీసి అవతల తగిలించాలి, అది టక్‌మన్నాకే రెండోది తీయాలి. గైడ్ మనిషి బంగారం, అడుగడుక్కీ "పోచాసి, పోచాసి" అనేవాడు, నెమ్మది అని. చిన్న ట్రిగ్లావ్ అనే ముందు శిఖరం దాటాక రెండు పక్కలా లోయ ఉన్న సన్నటి గట్టు వస్తుంది, అక్కడ మరిది కంగారులో రెండు కొక్కేలూ ఒకేసారి తీసేశాడు. గైడ్ అరిచింది మొత్తం ట్రిప్‌లో అప్పుడొక్కసారే. తర్వాత వాణ్ణి తన తాడుకే కట్టేసుకుని తీసుకెళ్లాడు. "వదినా, అమ్మకి చెప్పొద్దు" అన్నాడు వాడు, ఇంత పెద్ద మనిషి.

శిఖరం మీద చిన్న రేకు బురుజు ఉంటుంది, యాకోబ్ అల్యాజ్ అనే క్యాథలిక్ ఫాదర్ అక్కడ స్థలం కొని 1895లో పెట్టించాడు. మొదటిసారి ఎక్కినవాళ్లకి తాడుతో వెనక దెబ్బలు వేయడం అక్కడి ఆచారం. మా ఆయన వంతు వచ్చినప్పుడు రెండు రోజుల్లో మొదటిసారి నవ్వాడు. గైడ్ జేబులోంచి 50 సెంట్ల నాణెం తీసి చూపించాడు, దాని మీద మేం నిలబడ్డ కొండే!

దిగేటప్పుడు వోద్నికోవ్ దోమ్ అనే ఇంకో హట్‌లో రాత్రి, మూడో రోజు కిందికి.

ఇప్పుడు లెక్క. గైడ్‌ని నేరుగా అడిగితే చెప్పాడు, ముగ్గురికీ మూడు రోజులకి ఆయన తీసుకున్నది 900 యూరోలు, రెండు హట్లూ కలిపి 330. యూరో వంద వేసుకున్నా 1,23,000. మిగతా 99,000 ఆ ఏసీ ఆఫీసుకే. అందుకే గైడ్‌కి మీరే మెయిల్ పెట్టుకోండి, జూలై చివర్నుంచి సెప్టెంబర్ మధ్యలోపు వెళ్లండి, హట్ బెడ్లు ముందే బుక్ చేసుకోండి, లైనర్ ఇక్కడే కుట్టించుకోండి, పాత కాటన్ చీర చాలు. వెజ్ అయితే అటుకులు, వేరుశెనగ చిక్కీ పట్టుకెళ్లండి.

తిరిగొచ్చాక ఏజెంట్‌కి ఫోన్ చేస్తే "నెక్స్ట్ బాలి ప్యాకేజీలో 5,000 తగ్గిస్తా మేడమ్" అన్నాడు. మరిది ముందు ఇప్పుడు బాలి మాట ఎత్తితే అన్నం దగ్గర్నుంచి లేచిపోతున్నాడు.