డప్పుకు ఆరుబయలు, కిన్నెరకు చిన్న హాలు: హైదరాబాద్‌లో జానపదం ఎక్కడ వినాలి

హైదరాబాద్‌లో జానపద కార్యక్రమం ఉందనగానే ఎవరు పాడుతున్నారని అడుగుతారు. ఎక్కడ పాడుతున్నారన్నది ముందు అడగాలి. డోళ్లు వాయిస్తూ మల్లన్న, బీరప్ప కథలు చెప్పే ఒకే ఒగ్గు బృందం మైదానంలో వాయిస్తే దెబ్బ దెబ్బకూ తేడా తెలుస్తుంది, మూసిన హాల్లో వాయిస్తే అంతా కలిసి ఒకటే గోల. తోలు వాద్యానికి పైన కప్పు ఉండకూడదు. తీగ వాద్యానికీ ఒంటరి గొంతుకూ గోడలు దగ్గరగా ఉండాలి. నగరంలో ఎక్కువ కార్యక్రమాలు మాత్రం ఈ రెండింటికీ సరిపడని పెద్ద ఏసీ హాళ్లలోనే జరుగుతాయి. అందుకని ముందు వాటి సంగతే చూద్దాం.

రవీంద్రభారతి 1961 నుంచీ ఉంది. సర్కారు ఉత్సవాలు, అవార్డు సభలు, జిల్లా బృందాల ప్రదర్శనలు చాలావరకు ఇక్కడే. మెట్రో రెడ్ లైన్‌లో లక్డీకాపూల్‌లో దిగినా, అసెంబ్లీ స్టేషన్‌లో దిగినా నడిచి వెళ్లొచ్చు. సాంస్కృతిక శాఖ జరిపేవాటికి మామూలుగా టికెట్ ఉండదు. ఆహ్వాన పత్రికలో ఆరు గంటలని ఉంటే జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ఉపన్యాసాలు అయ్యేసరికి ఏడు దాటుతుంది. అసలు కళాకారులకు మిగిలేది పావుగంటో, ఇరవై నిమిషాలో. అలాగని ఆలస్యంగా వెళ్తే మంచి సీట్లు పోతాయి.

సీటు ఎంచుకోవడంలోనే సగం కచేరీ ఉంది. ఏ పెద్ద హాల్లోనైనా ముందు వరుసలు అతిథులవి, వాటికోసం ఆశపడొద్దు. రెండు పక్కలా నిలబెట్టిన స్పీకర్లకు ఎదురుగా కూర్చుంటే డోలు తప్ప గొంతు వినపడదు. బాల్కనీ కింద వెనక వరుసల్లో లోతు శబ్దం పోగుపడి మొద్దుగా మోగుతుంది. మధ్య వరుసల్లో, నట్టనడుమ ఉన్న సీట్లు ఖాయం చేసుకోండి. బాల్కనీ తెరిస్తే దాని మొదటి వరుస ఇంకా మేలు. డోళ్ల వాళ్లు వలయం తిరగడం, ఒకరి భుజాలమీద ఒకరు ఎక్కడం పైనుంచే సరిగ్గా కనిపిస్తుంది.

డప్పు సంగతి వేరు. అది మేకతోలు, చెక్క వలయం. తోలు తేమ పీల్చుకుంటే సాగుతుంది, సాగితే శ్రుతి దిగిపోతుంది. అందుకే వాయించే ముందు మంట దగ్గర కాచి బిగిస్తారు. హాల్లో మంట పెట్టనివ్వరు కాబట్టి బృందం వెనక గేటు బయట కాగితాలో గడ్డో రాజేసి కాచుకుని లోపలికి వస్తుంది. వేదిక మీద సన్మానాలు అరగంట సాగితే ఆ కాక అంతా చల్లారిపోతుంది. మొదటి దరువులో సిర్ర (కుడిచేతి లావు పుల్ల) దెబ్బ 'ఠణ్' మనకుండా 'డబ్' మంటే తప్పు వాయించేవాడిది కాదు, ఉపన్యాసాలది. ఆషాఢ, శ్రావణాల్లో ఇది మరీ ఎక్కువ. దీనికి విరుగుడుగా ఈమధ్య కొన్ని బృందాలు ప్లాస్టిక్ రేకు బిగించిన డప్పులు తెస్తున్నాయి. వాటిని కాచనక్కర్లేదు, వానకు చెడవు. కానీ ఎడమచేతి సిటికెన పుల్లతో వేసే సన్న దరువుకీ సిర్ర దెబ్బకీ మధ్య ఉండాల్సిన తేడా సగం పోతుంది. అంచు మీద వెలుగు తళతళ మెరుస్తుంటే అది తోలు కాదని దూరంనుంచే పోల్చుకోవచ్చు.

మైకుల గోల ఇంకోటి. ఇరవై డోళ్ల ముందు నాలుగు మైకులు పెట్టి, అవి కూత పెట్టకుండా శబ్దం తగ్గించేస్తారు. అప్పటికే డోలు మైకు లేకుండానే హాలు నింపుతోంది. నిజానికి మైకు కావలసింది కథకుడికి ఒక్కడికే. అతనికేమో చొక్కాకు తగిలించే చిన్న మైకు ఇస్తారు. గొంగడి కప్పుకుని గిర్రున తిరిగేసరికి అది గొంగడి కిందికి జారి బరబరమని రాపిడి మొదలవుతుంది. చెవికి తగిలించి నోటి పక్కకు వచ్చే మైకు ఇస్తే ఈ బాధ ఉండదు. కార్యక్రమం జరిపేవాళ్లు ఎవరైనా తెలిస్తే ఈ ఒక్క మాట చెప్పండి చాలు.

ఒగ్గు డోలు విన్యాసం వేరు, ఒగ్గు కథ వేరు అని కూడా తెలుసుకుని వెళ్లాలి. నగరంలో దొరికేది ఎక్కువగా మొదటిది: గజ్జెలు, డోళ్లు, పిరమిడ్లు, పది నిమిషాల ఉత్సాహం. మల్లన్న కథో, బీరప్ప కథో కూర్చుని వినాలంటే రాత్రి మొత్తం కావాలి. చుక్క సత్తయ్య లాంటి కథకుడు ఒక్కడే గొంతు మార్చి, నడక మార్చి పాత్రలన్నీ తానై నడిపిన తీరు పావుగంట విన్యాసంలో ఇమడదు. చిందు కళాకారులు వేషాలు కట్టి ఆడే చిందు యక్షగానానికీ ఇదే గతి. కిరీటాలు, భుజకీర్తులు కట్టుకోవడానికి గంటలు పడుతుంది, వేదిక మీద ఇచ్చేది ఒక రంగం. కాబట్టి 'పూర్తి ప్రదర్శన' అని ప్రత్యేకంగా వేసిన పత్రిక కనబడితే మిగతా పనులు మానుకుని అయినా వెళ్లాలి.

ఇక చిన్న హాళ్లు. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1 దగ్గరి లామకాన్, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, ఈ మూడూ గుర్తుంచుకుంటే చాలు. పన్నెండు మెట్ల కిన్నెర వినాలంటే ఇలాంటి చోటే వినాలి. వెదురు బొంగుకు సొరకాయ బుర్రలు కట్టి, మెట్లు తేనెమైనంతో అతికించిన వాద్యం అది. శబ్దం చాలా చిన్నది. కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక కిన్నెరను పెద్ద వేదికలకు పిలుస్తున్నారు గానీ, అక్కడ మైకు పట్టేది తీగ మోతనే. బుర్రల్లోంచి వచ్చే గుమగుమ దానికి అందదు. పది అడుగుల దూరంలో కూర్చుంటే రెండూ వినపడతాయి. లామకాన్‌లో ఆరుబయట కింద కూర్చునే వీలుంది, చాయ్, సమోసా అక్కడే దొరుకుతాయి. కారు పెట్టుకునే చోటు మాత్రం వెతుక్కోవాలి, ఆటోనే నయం.

బుర్రకథకూ మధ్యస్థమైన హాలే సరి. కథకుడి తంబుర, వేలికున్న అందెల చప్పుడు, పక్కన వంత పాడే ఇద్దరి (వంతల) గుమ్మెటలనే చిన్న డోళ్లు, ఆపైన 'తందాన తాన'. వంతల్లో ఒకరు హాస్యం, మరొకరు వర్తమాన రాజకీయం చెప్తారు. ఆ చురకలు అందాలంటే మాట స్పష్టంగా వినపడాలి, అంటే హాలు ప్రతిధ్వనించకూడదు. ఇక్కడికి గ్రీన్ లైన్ మెట్రో అనుకూలం: గానసభకు చిక్కడపల్లి, సుందరయ్య కేంద్రానికి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ స్టేషన్.

మాదాపూర్ శిల్పారామానికి సంక్రాంతి రోజుల్లో వెళ్తే వేదిక వైపు చూడనక్కర్లేదు. హరిదాసులు, గంగిరెద్దులవాళ్లు, బుడబుక్కలవాళ్లు దారుల్లోనే తిరుగుతుంటారు. మైకు లేదు, రెండడుగుల దూరంలో సన్నాయి. పండుగ నాడు సాయంత్రమైతే జనం తోసుకుంటారు, పొద్దున తెరవగానే వెళ్లడం మంచిది. హైటెక్ సిటీ మెట్రో నుంచి నడిచే దూరమే. లోపలికి టికెట్ ఉంటుంది. ఇబ్రహీంబాగ్‌లో, మూసీ ఒడ్డున ఉన్న తారామతి బారాదరిలో బహిరంగ వేదిక ఉంది. తోలు వాద్యాలకు ఇంతకంటే తగిన చోటు నగరంలో తక్కువ. ఒక్కటే చిక్కు, రాత్రి పూట అక్కడ ఆటో దొరకదు. తిరుగు ప్రయాణానికి బండి ముందే మాట్లాడుకోవాలి.

అన్నిటికంటే గట్టిగా వినాలనుకునేవాళ్లు టికెట్లూ పాసులూ వదిలేసి ఆషాఢంలో బోనాలకు రావాలి. మొదట గోల్కొండ, తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, ఆ తర్వాత లాల్‌దర్వాజ. గోల్కొండలో లంగర్‌హౌస్ నుంచి వచ్చే ఊరేగింపును కింద దారిలోనే చూసుకోవాలి. మెట్లెక్కి పైదాకా వెళ్తే దర్శనమైతే అవుతుంది, డప్పులు దూరమైపోతాయి. లాల్‌దర్వాజలో ఆదివారం కంటే సోమవారం ఘటాల ఊరేగింపు వినడానికి బాగుంటుంది. చార్మినార్ దగ్గర నిలబడితే ఒక్కో బృందం ఎదురుగా సాగిపోతుంది. ఒకటే హెచ్చరిక: వెనకనుంచి డీజే బండి వస్తే డప్పు కథ ముగిసినట్టే. దాని ముందు కనీసం రెండు బృందాల దూరం ఉండేలా జరుగుతూ ఉండాలి. చెవుల్లో పెట్టుకునే దూది వెంట ఉంచుకోండి, పిల్లలుంటే తప్పనిసరిగా.

పాతబస్తీ వచ్చారు కాబట్టి మర్ఫా కూడా. నిజాం కొలువులో చేరిన అరబ్బులు, సిద్దీల వెంట వచ్చిన వాద్యం ఇది, బార్కస్, ఏసీ గార్డ్స్ ప్రాంతాల బృందాలు ఇప్పటికీ వాయిస్తాయి. కచేరీగా పెట్టడం అరుదు, పెళ్లి బారాత్‌లో వినాల్సిందే. పెళ్లిళ్ల రోజుల్లో రాత్రి పది దాటాక ఫంక్షన్ హాళ్ల ముందు నిలబడితే వినపడుతుంది. దూరంనుంచి వింటే ఎవరూ ఏమీ అనరు.

బస విషయానికొస్తే, కార్యక్రమం రవీంద్రభారతిలో ఉంటే లక్డీకాపూల్, నాంపల్లి లాడ్జీలు చాలు. నాంపల్లి స్టేషన్ ఎదుట వీధివైపు గదులు వద్దు, తెల్లవారకముందే ఆటోల హారన్లు మొదలవుతాయి. లోపలివైపు గది అడిగి, చూసి, ఆపైనే డబ్బు కట్టాలి. చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వైపు ధరలు అందుబాటులో ఉంటాయి, ఆట ముగిశాక బిర్యానీకి దూరం పోనక్కర్లేదు. మాదాపూర్‌లో గదుల ధర ఎక్కువ, అయితే వారాంతంలో ఐటీ ఉద్యోగుల రద్దీ తగ్గి కొన్నిచోట్ల దిగుతుంది. తారామతిలో పర్యాటక సంస్థ గదులున్నాయి, కార్యక్రమం అక్కడే అయితే రాత్రి ఆటోల బాధ తప్పుతుంది.

మెట్రో చివరి రైలు వేళ రాత్రి పదకొండు ప్రాంతం, మారుతూ ఉంటుంది, వెళ్లేటప్పుడే స్టేషన్‌లో అడిగి పెట్టుకోండి. అమీర్‌పేటలోనో ఎంజీబీఎస్‌లోనో లైన్ మారాల్సినవాళ్లు ఇంకో పావుగంట ముందే లేవాలి.

ఫోన్లో రికార్డు చేసేవాళ్లకు: డప్పు దగ్గర పెట్టి తీస్తే శబ్దం పగిలిపోతుంది. ముప్పై అడుగులు వెనక్కి జరగండి, మైకు రంధ్రం మీద పల్చటి చేతిరుమాలు వేయండి. కిన్నెరకైతే దీనికి పూర్తిగా తిరగేసి చేయాలి. బృందానికి ఏమైనా ఇవ్వాలనిపిస్తే ఆట నడుమ వేదిక ఎక్కి నోట్లు అందించొద్దు, తాళం తప్పుతుంది. అయ్యాక వెనక గేటు దగ్గర డప్పులు సంచుల్లో సర్దుకుంటూ ఉంటారు, అక్కడే ఇవ్వండి. వాళ్ల ఊరు, బృందం పేరు అడిగితే సంతోషంగా చెప్తారు. జాతరలప్పుడు అదే బృందం కథ పూర్తిగా ఎక్కడ చెప్తుందో కూడా అప్పుడే తెలుస్తుంది.