కొలంబో వెసక్‌కి వెళ్లాలా, నవం పెరహరకా?

చెన్నై నుంచి కొలంబోకి విమానంలో గంటన్నర. దూరం సమస్య కాదు. రెండూ పౌర్ణమికి వచ్చే బౌద్ధుల పండగలే: వెసక్ అంటే బుద్ధ పౌర్ణమి, నవం పెరహర అంటే ఊరేగింపు. ఏ పౌర్ణమికి వెళ్లాలన్నదే అందరూ అడిగేది.

నవం పెరహర ఫిబ్రవరిలో. గంగారామయ విహారం 1979లో మొదలుపెట్టింది. బైరా చెరువు చుట్టుపక్కల వీధుల్లో ముస్తాబైన ఏనుగులు, క్యాండీ నాట్యగాళ్లు, కొరడాలు ఝళిపించేవాళ్లు, నిప్పులు తిప్పేవాళ్లు వరుసగా సాగుతారు. వాన బెడద తక్కువ, ఫొటోలకు ఇదే మేలు. చిక్కల్లా, సాయంత్రమే వెళ్లి చోటు పట్టుకుని గంటలకొద్దీ కదలకుండా కూర్చోవాలి. చివరి ఏనుగు దాటిందా, పండగ అయిపోయినట్టే.

మే నెలలో వచ్చే వెసక్‌లో అలా కూర్చోబెట్టేవాళ్లుండరు. ఇంటింటికీ కాగితపు లాంతర్లు. బొరెల్ల, తొటలంగ లాంటి చోట్ల మేడలంత ఎత్తు తొరణలు: వేల బల్బులు వంతులవారీగా వెలిగి ఆరుతూ బొమ్మల్లో జాతక కథ చెబుతాయి. నా లెక్కన తూకం తేల్చేవి మాత్రం దన్సల్‌లు. రోడ్డు పక్కన పందిరి వేసి, ఎవరొచ్చినా ఊరికే పెడతారు: అన్నం కూర, ఉడికించిన కర్రపెండలం, సంబల్ అనే కొబ్బరి పచ్చడి, ఐస్‌క్రీం. ఇలాగే వీధుల్లో ఊరికే అన్నం పెట్టే మైలాపూరు అరుపత్తుమూవర్ ఉత్సవం నాడు మాడవీధుల్లో తిరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. వరసలో నిలబడితే చాలు, ఊళ్లో మనిషైపోతారు.

ఇబ్బందులూ ఉన్నాయి. పోయ (పౌర్ణమి) రోజున మద్యం, మాంసం అమ్మరు. వెసక్‌కి మర్నాడు కూడా అంతే. చీకటి పడ్డాక ఆటో ఎక్కితే ట్రాఫిక్‌లోనే తెల్లారుతుంది, నడవండి. సాయంత్రాలు ఉరుముల వాన పడొచ్చు, అందుకే ఒక్క రాత్రి కాదు, రెండు రాత్రులు పెట్టుకోండి.

శాకాహారులు ఎప్పుడు వెళ్లినా ఒకటి గుర్తుంచుకోవాలి. సంబల్‌లోనూ చాలా కూరల్లోనూ ‘ఉంబలకడ’ వేస్తారు, అంటే ఎండబెట్టిన చేప పొడి. ‘ఉంబలకడ ఎపా’ అంటే వద్దని. కొలంబోలోని వెల్లవత్తలో తమిళుల శైవ హోటళ్లున్నాయి, అక్కడ మన చెన్నై తమిళం చాలు.

జులై, ఆగస్టుల్లో వచ్చే మురుగన్ పండగ ఆడి వేల్ రథం కోసం చెన్నైవాళ్లు విమానం ఎక్కడం దండగ. ఏప్రిల్ సంవత్సరాదికి ఊరు ఊరంతా సొంతూళ్లకు పోతుంది, కొట్లు మూతే.

టికెట్ కొనేముందు శ్రీలంక పోయ క్యాలెండర్ చూసుకోండి. అధిక మాసం వచ్చిన ఏడు మన పంచాంగంతో నెల తేడా రావచ్చు.