ఒసాకాలో ఎక్కడ దిగాలి? నా ఓటు తెన్నోజీ పేటకే

బరంపురం బడబజారులో మా పట్టుచీరల కొట్టుకి వచ్చే తెలుగువాళ్ళు ఈమధ్య జపాన్ ప్రయాణం మాట తరచుగా ఎత్తుతున్నారు. పిల్లలు అక్కడ ఉద్యోగాల్లో కుదురుకున్నవాళ్ళు కొందరు, చెర్రీ పూలు చూడాలని ముచ్చటపడేవాళ్ళు కొందరు. ఒసాకా అనగానే నన్ను హోటల్ పేరు అడుగుతారు. నేను పేట పేరు చెబుతాను. ఆ ఊళ్ళో మామూలు ధర హోటల్ గదులన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి: చిన్నవి, శుభ్రమైనవి, నీళ్ళు కాచుకునే కెటిల్ ఉన్నవి. సుఖమా కష్టమా అన్నది తేలేది తలుపు దాటి బయటికి వచ్చాకే. అందుకే ఈ సమీక్ష హోటల్ మీద కాదు, తెన్నోజీ పేట మీద.

మా తమ్ముడు ఒసాకాకి ఆనుకుని దక్షిణాన ఉన్న సకాయ్‌లో పని చేస్తాడు. వాడి గది ఒక్క మనిషికి సరిపోయేంత. కాబట్టి నేనూ అమ్మా వెళ్ళినప్పుడల్లా బయటే దిగుతాం. నంబా, ఉమెదా, హొన్‌మాచీ, తెన్నోజీ అన్నీ ఉండి చూసినవే. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. గుడ్డు కూడా ముట్టదు. నాలుగింటికే లేచి స్నానం చేసి, తెల్లారేసరికి ఏదో ఒక గుడి గడప తొక్కాలి. పేటను నేను కొలిచేది ఈ మూడింటితోనే: మెట్లు, తిండి, పొద్దుటి పూట. పాతికేళ్ళ కుర్రాళ్ళు నలుగురు వెళ్తే లెక్క వేరుగా వస్తుంది, అది న్యాయమే.

ఊరి అమరిక ముందు తెలియాలి. ఒసాకాకి రెండు నడిబొడ్డులు. ఉత్తరాన ఉమెదా, దక్షిణాన నంబా. ఈ రెంటినీ కలుపుతూ మిదోసుజీ అనే మెట్రో లైను నడుస్తుంది, మ్యాపుల్లో ఎర్ర గీత. 1933లో మొదలైన లైను అది. షిన్ ఒసాకా, ఉమెదా, హొన్‌మాచీ, షిన్సాయ్‌బషీ, నంబా, తెన్నోజీ అన్నీ దాని మీదే ఉన్నాయి. ఈ గీత మీద ఎక్కడ గది తీసుకున్నా ఊరంతా అందుతుంది. గీత తప్పి వెళ్తే అద్దె తగ్గుతుంది గానీ రోజూ ఒక రైలు మారాల్సి వస్తుంది. రైలు మారడమంటే మెట్లు, సొరంగాలు, నడక.

నంబా అందరూ చెప్పే చోటు. కన్సాయ్ విమానాశ్రయం నుంచి నన్‌కాయ్ వాళ్ళ రైలు తిన్నగా అక్కడికే వస్తుంది, వేగం బండి అయితే నలభై నిమిషాల లోపే. దోతొన్‌బోరీ కాలువ, దాని ఒడ్డున పరుగెత్తే మనిషి బొమ్మ దీపాల బోర్డు, పీతల బొమ్మలు, కురొమొన్ మార్కెట్టు అన్నీ కాలినడకన చూడొచ్చు. ఆ కాలువ తవ్వకం 1615లో పూర్తయిందట, అప్పటి నుంచీ అది నాటకశాలల వీధి, తిండి వీధి. బూఢీ ఠాకురాణి యాత్ర అనే మా ఊరి అమ్మవారి జాతర రాత్రుల్లో తిరిగి పెరిగినవాళ్ళం, జనం మాకు కొత్త కాదు. కానీ యాత్ర కొన్నాళ్ళకి ముగుస్తుంది, నంబాలో అది ప్రతి రాత్రీ ఉంటుంది. మేం దిగిన గది వీధి వైపు కావడంతో అర్ధరాత్రి దాటినా కేకలు వినబడేవి. అడుగడుగునా ఆక్టోపస్ ఉండలు కాల్చే పెనాలు, ఆ వాసనకి అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే నడిచింది. నంబా సాయంత్రం వెళ్ళి చూసి రావలసిన చోటు, శాకాహారి పెద్దవాళ్ళని పడుకోబెట్టే చోటు కాదు.

ఉమెదాకి రైళ్ళ విషయంలో తిరుగులేదు. కియోటో, కోబే, హిమెజీ కోట ఎక్కడికైనా అక్కడి నుంచి తేలిక. జేఆర్ (జపాన్ రైల్వే) బండి కియోటోకి అరగంటలో చేరుస్తుంది. కియోటోయే మీ ప్రధానమైతే నా మాట పక్కన పెట్టి ఉమెదాలోనే దిగండి. చిక్కల్లా నేల కిందే. జేఆర్, హన్‌క్యూ, హన్‌షిన్ అనే రైలు కంపెనీలవీ మెట్రోవీ స్టేషన్లన్నీ వేరువేరు, వాటి మధ్య నేల కింద దుకాణాల వీధులు అల్లుకుపోయి ఉంటాయి. లిఫ్టు ఉంటుంది, దాన్ని చేరడానికే పావుగంట నడవాలి. అమ్మ రెండో రోజు సాయంత్రానికే "ఇంక నా వల్ల కాదే" అని ఒక గోడ వారన కూలబడింది. స్టేషన్ పక్కన 2024లో తెరిచిన కొత్త పార్కు మాత్రం చక్కగా ఉంది, పచ్చిక మీద కూర్చోవచ్చు.

హొన్‌మాచీ గురించి మా వ్యాపారం వాళ్ళకి ఒక ముక్క. ఆ చుట్టుపక్కలది సెంబా, తరతరాలుగా బట్టల టోకు బజారు. అక్కడ పైన ఎత్తు రోడ్డు, దాని కిందే కిలోమీటరు పొడవునా వరసగా పది భవనాలు: సెంబా సెంటర్ బిల్డింగ్, 1970 నాటిది. తానులు, దారాలు, గుండీలు, చవక కిమోనోలు. నేను భోజనం మరిచి తిరిగాను. ఆదివారం చాలా కొట్లు మూసేస్తారు, అది చూసుకుని వెళ్ళండి. పేట అంతా ఆఫీసులు కాబట్టి రాత్రిళ్ళు ప్రశాంతం, శని ఆదివారాల్లో గదులు కాస్త చవక. పొద్దున్నే అమ్మకి వెళ్ళడానికి చోటంటూ లేకపోవడమే లోటు.

షిన్ ఒసాకా బుల్లెట్ రైలు కోసం ఒక్క రాత్రి దిగేవాళ్ళకి. సముద్రం వైపు యూనివర్సల్ స్టూడియో కోసం వచ్చే పిల్లలవాళ్ళకి. ఈ రెంటి గురించి అంతకన్నా చెప్పడానికి లేదు.

ఇక తెన్నోజీ. విమానాశ్రయం నుంచి హారుకా రైలు తిన్నగా ఇక్కడ ఆగుతుంది, అరగంట పైచిలుకు. తొందర లేకపోతే మామూలు జేఆర్ బండి సుమారు యాభై నిమిషాల్లో తెస్తుంది, దానికి వేరే ఎక్స్‌ప్రెస్ టికెట్ అక్కర్లేదు. రైలు దిగిన చోటే ఊరు మొదలవుతుంది. ఒక పక్క మూడొందల మీటర్ల హారుకాస్ భవనం, ఇంకో పక్క తెన్‌షిబా అనే పెద్ద పచ్చిక. రోడ్డు దాటడానికి పైవంతెన, దానికి లిఫ్టు. అమ్మ ఎక్కడా ఆయాసపడలేదు. హారుకాస్ 58 నుంచి 60 అంతస్తుల దాకా టికెట్ పెట్టి ఎక్కే చోటు. మేం 16వ అంతస్తులో టికెట్ లేని ఆరుబయట తోటలో కూర్చుని ఊరు చూశాం, మాకు అది చాలింది.

ఈ పేటకి నా మనసు కట్టుబడింది షితెన్నోజీ గుడి వల్ల. స్టేషన్ నుంచి ఉత్తరానికి నింపాదిగా నడిస్తే పావుగంట, దారంతా చదును. 593లో షోతోకు యువరాజు కట్టించడం మొదలుపెట్టాడని వాళ్ళ పాత చరిత్ర గ్రంథం చెబుతుంది. నాలుగు దిక్కుల రాజుల పేరిట గుడి, అందులో ఉత్తర దిక్కు ఆయన వైశ్రవణుడు, అంటే మన కుబేరుడే. ఆ మాట తమ్ముడు చెప్పగానే అమ్మ చెప్పులు విప్పేసి అక్కడే దండం పెట్టింది. కట్టడం ఎన్నోసార్లు కాలిపోయింది, 1945 బాంబుల్లోనూ పోయింది. ఇప్పుడున్న నడిమి మందిరాలు 1963లో కాంక్రీటుతో తిరిగి లేపినవి. పడమటి వైపు రాతి తోరణం మాత్రం 1294 నాటిది. నడిమి మందిరాలకి టికెట్ ఉంది, బయటి ప్రాంగణానికి లేదు. తాబేళ్ళ చెరువు దగ్గర గట్టు మీద అమ్మ ప్రతి పొద్దునా జపం చేసుకునేది. అక్కడికి రోజూ వచ్చే ఒక జపాను ముసలామె ఆమెకి తల వంచి నమస్కరించేది, అమ్మ చేతులు జోడించేది. ఒకరి మాట ఒకరికి రాదు. మూడో నాడు ఆమె ఒక కమలాపండు తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది.

ప్రతి నెలా 21, 22 తేదీల్లో ఆ ప్రాంగణంలో సంత జరుగుతుంది. పాత కిమోనోలు, నడుముకి కట్టే ఓబీ పట్టీలు, గిన్నెలు, బొమ్మలు. గుట్టలుగా పోసిన ఓబీల్లో వెతికితే బరువైన జరీ నేత దొరుకుతుంది. మా బరంపురం పట్టు అంచుల్లో ఫోడ కుంభ అనే గుడి ఆకారపు కోణాలు చూసి చూసి అలవాటైన కళ్ళు నావి, ఆ నేతలో దారం తిప్పిన తీరు చూసి గంటసేపు కదల్లేకపోయాను. పట్టు వ్యాపారం చేసేవాళ్ళెవరైనా ప్రయాణం తేదీలు దీన్ని బట్టే పెట్టుకోవాలని గట్టిగా చెబుతాను.

తిండి సంగతి. ఒసాకాలో ఎక్కడైనా ఒకటే ఇబ్బంది: చారులో, ఉడోన్ అనే లావు నూడుల్స్ నీళ్ళలో ఎండు చేప సారం ఉంటుంది, పైకి ఏ చేపముక్కా కనబడదు. తెన్నోజీలో ఉపాయం ఏమిటంటే, స్టేషన్‌కి ఆనుకుని పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ నేలమాళిగ ఉంది, పళ్ళు, రొట్టెలు అన్నీ దొరుకుతాయి. వీధి మలుపు కొట్టులో అన్నం ప్యాకెట్ కొంటే అక్కడే వేడి చేసి ఇస్తారు, చక్కెర లేని పెరుగు డబ్బా పక్కనే ఉంటుంది. ఆపైన మన ఊరి మావిడికాయ పచ్చడి, అప్పడాలు పెట్టెలో ఉంటే రాత్రి భోజనం అయినట్టే.

నారాకి జేఆర్ బండి ఇక్కడి నుంచే, అరగంట మీద కాస్త. స్టేషన్ ఎదుట నుంచే పాత ట్రాము కూడా బయల్దేరుతుంది, సుమియోషీ గుడికి అందులో వెళ్ళొచ్చు. నంబా మెట్రోలో ఆరేడు నిమిషాలే. మెట్రోలో రోజంతా తిరిగే కార్డు మామూలు రోజుల్లో 820 యెన్లు, శని ఆదివారాల్లో 620. ఎస్కలేటర్ మీద ఒసాకాలో కుడి వైపు నిలబడతారు, టోక్యోలో ఎడమ.

లోట్లు చెప్పకపోతే సమీక్ష కాదు. కియోటో ఇక్కడి నుంచి దూరమే. రాత్రి తొమ్మిది దాటాక కుర్రాళ్ళకి పెద్దగా కాలక్షేపం లేదు. పార్కు దాటి షింసెకాయ్ వైపు వెళ్తే చీకుల వేపుడు దుకాణాల సందడి, దానికి దక్షిణాన షిన్ ఇమామియా చుట్టూ రోజుకూలీలు ఉండే పాత చవక సత్రాల పేట. మ్యాపులో అదీ తెన్నోజీ దగ్గరే అని చూపిస్తుంది, అద్దె సగానికి సగం ఉంటుంది. అక్కడి మనుషులు మమ్మల్ని ఏమీ అనలేదు, కానీ గదులు మరీ ఇరుకు, కొన్నిటికి స్నానాల గది ఉమ్మడి. పెద్దవాళ్ళతో వెళ్తే స్టేషన్‌కి ఉత్తరాన, గుడి వైపే చూడండి. పొగతాగని గది అని అడగండి, రెండు మంచాల గది అని మళ్ళీ అడగండి. లేకపోతే ఇద్దరికీ కలిపి ఒక ఇరుకు మంచం ఇస్తారు.

అక్టోబరులో మళ్ళీ వెళ్తున్నాం. గది గుడి వైపే తీశాను, సంత జరిగే 21వ తేదీ మా బసలో పడేట్టు.